కమలాకర్ జనరేటర్ నిద్ర

కమలాకర్ గురకకు ఫిల్మ్ నగర్‌లో మంచి పేరుంది. అతను సినిమాల్లో విలన్లకు గొంతు అరువిచ్చే డబ్బింగ్ కళాకారుడు. మెలకువలో గర్జిస్తే చప్పట్లు కొడతారు, నిద్రలో గర్జిస్తే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. కాలనీవాళ్లు 'గురకరత్న' అని బిరుదు కూడా ఇచ్చేశారు.

ఇది ఉత్త గురక కాదని, నిద్రలో ఊపిరి ఆగిపోతోందని డాక్టరు ఒక యంత్రం రాసిచ్చాడు. ముక్కుకు మాస్కు, మాస్కుకు గొట్టం, గొట్టానికి యంత్రం. అది గాలి కొడుతుంటే కమలాకర్ పసిపాపలా పడుకునేవాడు.

రాత్రంతా డబ్బింగ్, పగలంతా నిద్ర. సరిగ్గా ఆ పగటిపూటే లైన్ల మరమ్మతని కరెంటు తీసేయడం మొదలుపెట్టారు. యంత్రం ఆగడం, అతను ఉలిక్కిపడి లేవడం. నిద్ర చాలక విలన్ గొంతు కాస్తా పిల్లి గొంతయింది. నిర్మాతలు వేరే గొంతు వెతుకుతున్నారని కబురు తెలిసింది.

బ్యాకప్‌కి ఒక బ్యాటరీ కొనమంది భార్య పద్మప్రియ.

"ఫిల్మ్ నగర్‌లో ఉండి బ్యాటరీ కొనడమేంటే? వీధి వీధికీ జనరేటర్ వ్యానుంటుంది. ఇల్లు షూటింగ్‌కిద్దాం. ఒక వైరు నా మంచం దాకా లాగించుకుందాం."

"మీ ఊపిరి కోసం ఊరందర్నీ ఇంట్లోకి పిలుస్తారా?"

"నీకు సినిమా తెలివి లేదు."

ఆవిడ ఇట్టే ఒప్పేసుకుంది. అక్కడే అతనికి అనుమానం రావాల్సింది.

ప్రొడక్షన్ మేనేజర్ ఓంప్రకాష్ వచ్చి ఇల్లు చూశాడు. వైరు సంగతి వినగానే, "గంతేనా సార్? జర ఫికర్ చేయకుండ్రి" అని, అడ్వాన్సు పద్మప్రియ చేతిలో పెట్టి పోయాడు.

షూటింగ్ రోజు హాల్లో హీరో తండ్రి చనిపోయే సీను పెట్టారు. కమలాకర్ పడగ్గదిలో మాస్కు తగిలించుకుని పడుకున్నాడు. హాల్లో శవం, గదిలో ఇతను. ఇద్దర్లో ఇతనే ఎక్కువ కదలకుండా ఉన్నాడు.

ఏదో గాలి రొద వినిపిస్తోందని సౌండు చూసే అతను వ్యాను దగ్గర పడగ్గదికి లాగిన లైను కట్టేయించాడు. రొద ఆగింది. గురక మొదలైంది.

హీరో శవం మీద పడి, ఒక్కసారి మాట్లాడు నాన్నా అన్నాడు. గదిలోంచి జవాబొచ్చింది. శవం పొట్ట ఊగేలా నవ్వింది. డైరెక్టరు శవాన్ని తిట్టి మళ్లీ చంపాడు.

ఇంతలో ఊపిరాడక కమలాకర్ లేచాడు. యంత్రం చూస్తే చచ్చి ఉంది. కోపంతో దాన్ని చంకన పెట్టుకుని, మాస్కుతోనే గుమ్మంలోకి వచ్చి, విలన్ గొంతుతో "బ్యాకప్" అని గర్జించాడు. మాస్కు దాటేసరికి 'బ' కాస్తా 'ప' అయి, 'ప్యాకప్' అని వినిపించింది.

షూటింగ్ అయిపోయింది, ఇక సర్దుకోండని చెప్పే ఆ ఒక్క మాట కోసమే పొద్దుట్నుంచి యూనిట్ అంతా చెవులు రిక్కించుకుని ఎదురుచూస్తోంది.

లైట్లు ఆరిపోయాయి. హీరో కారెక్కాడు. శవం అందరికంటే ముందు లేచింది. చెప్పిందెవడని డైరెక్టరు అడిగేలోపు ఆయన కింద కుర్చీ కూడా మడతపడి వెళ్లిపోయింది.

జనరేటర్ వ్యాను కదిలింది. వ్యాను వెంట వైరు, వైరు వెంట యంత్రం, యంత్రం వెంట గొట్టం, గొట్టం వెంట లుంగీలో కమలాకర్. దారిన పోయేవాళ్లు కెమెరా ఎక్కడుందా అని చుట్టూ వెతికారు. ముసలాయనొకడు ఆగి, చాలా సహజంగా చేస్తున్నాడని మెచ్చుకున్నాడు. మలుపులో వైరు ఊడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే యూసుఫ్‌గూడలో తేలేవాడు.

రొప్పుతూ ఇంటికొచ్చేసరికి పద్మప్రియ మంచం కింద నుంచి కొత్త బ్యాటరీ బయటకు లాగుతోంది.

"ఎప్పుడు కొన్నావే?"

"అడ్వాన్సిచ్చిన సాయంత్రమే. ఇంతసేపూ దాని మీదే పడుకున్నారు."

"చెప్పలేదేం మరి?"

"చెబితే షూటింగ్ వద్దనేవారు. నేను హీరోని దగ్గర్నుంచి చూడొద్దూ?"

"నా ఊపిరి ఆగిపోతుంటేనైనా తగిలించొచ్చుగా?"

"లేవబోయానండీ. డైరెక్టర్ గారు నన్ను శవం పక్కన ఏడ్చేవాళ్లలో కూర్చోబెట్టారు. గదిలోంచి మీ గురక వింటుంటే ఏడుపు దానంతటదే వచ్చేసింది."

అంతలో ఓంప్రకాష్ మళ్లీ గుమ్మంలో నిలబడ్డాడు. జరిగినదానికి తిడతాడని కమలాకర్ తల వంచుకున్నాడు.

"అమ్మా, రేపు మళ్ల జేస్తున్నం. మీ ఏడుపు డైరెక్టర్ సార్‌కు మస్తు నచ్చింది. మీకు ఏడుపు రావాలంటె సార్ సుత గట్లనే లోపల గురక పెట్టాలె. షాట్ అయినంకనే బ్యాటరీ."

భార్య కుదరదంటుందేమోనని కమలాకర్ ఆశగా చూశాడు. ఆవిడ అప్పటికే రేపు ఏ రంగు చీర కట్టుకోవాలో ఓంప్రకాష్‌ని అడుగుతోంది. కమలాకర్ యంత్రాన్ని బ్యాటరీకి తగిలించి, మాస్కు పెట్టుకుని, రేపటి గురక కోసం నోరు మూసుకుని పడుకున్నాడు.