ట్యాంకరు చుక్క వెంట

ఆనాటి ఉదయం ఏడున్నర సమావేశానికి భవన సంఘం గదిలో హాజరైనవారు, హాజరైన క్రమంలో: ఏడుంబావుకే వచ్చి కూర్చున్న సంఘం అధ్యక్షులు, ఏడున్నరకు, తెల్లకోటు బొత్తాలు పెట్టుకుంటూ, కార్యదర్శి అయిన మొదటి అంతస్తు పళ్ళ డాక్టరు, ఆయన వెనకాలే, ఎవరూ పిలవకపోయినా, మూడో అంతస్తు భూగోళశాస్త్రం లెక్చరరమ్మ. చర్చించవలసిన అంశం ఒక్కటే: నీళ్ల ట్యాంకరు డ్రైవరును దోషిగా పట్టుకోవడం.

ఆ భవనంలోని ఇరవైనాలుగు ఇళ్లకూ నీళ్లు ట్యాంకరులోనే రావాలి. రావలసిన సమయం ఎనిమిది. నెల రోజులుగా అది తొమ్మిదికో, తొమ్మిదిన్నరకో వస్తున్నది. నీటి కేంద్రం దగ్గర వరుస చాంతాడంత ఉంటోందని డ్రైవరు చెప్పేవాడు. అధ్యక్షులు నమ్మలేదు. తూనికలు-కొలతల శాఖలో ముప్పైరెండేళ్లు తనిఖీ అధికారిగా పనిచేసిన ఆయన, ఏ త్రాసునూ మొదటి చూపులో నమ్మిన పాపాన పోలేదు. ఇంట్లో భార్య రెండు చెంచాల పంచదార వేశానని చెప్పినా, కప్పులోకి తొంగి చూడనిదే కాఫీ తాగేవారు కారు. మన నీళ్లు దారిలో మరెవరికో చేరుతున్నాయని ఆయన గట్టి అనుమానం.

అందుకే నిన్న ఉదయం, డ్రైవరు గొట్టం చుట్టుకుంటుండగా, అధ్యక్షులు తమ వయసునూ నడుమునొప్పినీ లెక్కచేయక వంగి, అగ్గిపెట్టెంత జీపీఎస్ డబ్బాను ట్యాంకరు అడుగున అంటించారు. ఉపగ్రహాల సంకేతాలను అందుకుని తానెక్కడ ఉన్నదీ ఫోనుకు తెలిపే యంత్రమది. అయితే ఒక్క డబ్బాను నమ్మడమెలా? ఏ తూకంరాయినైనా ప్రమాణమైన మరో రాయితో సరిచూడాలని శాఖ నేర్పిన విద్య. కనుక ఆయన రెండు తెప్పించి, రెండోదాన్ని కూడా పనిచేయించి, ప్రమాణ యంత్రంగా తమ తోలుసంచీలో భద్రపరిచారు. నీళ్లు దించే సంపు మూత తాళంచెవి కూడా, కాపలాదారు మీద నమ్మకం లేక, ఆ సంచీలోనే ఉండేది. నేడు వాటికి తోడు ఒక ఉత్తరం చేరింది. డ్రైవరును తక్షణం పనిలోనుంచి తీసివేయవలసిందిగా ట్యాంకరు యజమానికి రాసిన ఉత్తరమది. నేరం జరిగిన చోటు, సమయం అన్నవి మాత్రమే ఖాళీగా ఉన్నాయి.

"డబ్బా నంబరు నేను ఎక్కించనా అండీ ఫోనులో?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"అక్కర్లేదు. ఇలాంటివి ఒకరి చేతికి ఇచ్చే పనులు కావు," అని అధ్యక్షులు అట్టపెట్టె మీది నంబరు చూసి తామే ఒక్కొక్క అంకె నొక్కారు. తెర మీద నగరపటం వచ్చింది. దాని మధ్య ఎర్రచుక్క వెలిగింది.

"పదకొండేళ్లుగా మనకు నీళ్లు పోస్తున్న మనిషండీ. తొందరపడి ఉద్యోగం తీయించకండి, పాపం," అంది లెక్చరరమ్మ.

"నిజాయితీపరుడైతే ఎందుకు పోతుందమ్మా? ఇదిగో, చూడండి! ఈ వేళప్పుడు నీటి కేంద్రంలో ఉండాల్సినవాడు ఎక్కడున్నాడో!"

చుక్క సరిగ్గా వారి భవనం మీదనే ఉన్నది. ముగ్గురూ కిటికీలోంచి చూశారు. ద్వారం దగ్గర కాపలాదారూ, అతని కుర్చీ తప్ప మరేమీ లేవు.

"వెనకవీధి!" అన్నారు అధ్యక్షులు, కళ్లు చిన్నవి చేసి. "వెనక కొత్త ఇల్లు కడుతున్నారు. మన గోడ పక్కనే నిలబెట్టి వాళ్లకు పోస్తున్నాడు. పదండి!"

వారు మెట్లు దిగుతుండగా అధ్యక్షుల భార్య తలుపు తీసింది. "ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది. నిన్న పాలవాడి మీద, ఇవాళ డ్రైవరు మీద. నా వంతెప్పుడో కాస్త ముందే చెప్పండి, చీరైనా మార్చుకుంటాను."

అధ్యక్షులు ఫోను ముందు పట్టుకుని, సంచీ చంకన పెట్టుకుని, పెరటి తలుపు గుండా వెనకవీధిలోకి నడిచారు. అక్కడ ఇసుక ఉంది, ఇటుకలున్నాయి, ట్యాంకరు లేదు. తెర మీద చుక్క ఇంకా భవనం మీదే ఉంది.

"మనం ఇటు రాగానే అటు తిప్పాడు. ఎవరో ఉప్పందించారు."

"అది రెండు నిమిషాలకోసారి కదులుతుందండీ. ఇప్పుడున్న చోటు కాదు, ఇందాకటి చోటు చూపిస్తుంది," అంది లెక్చరరమ్మ.

"పాఠం తరువాత చెబుదురుగాని. పక్కసందులోంచి అడ్డంగా వెళ్లి పట్టుకుందాం."

పక్కసందులోకి చేరేసరికి చుక్క వెనకవీధిలో, ఇసుకగుట్ట పక్కన, వారు ఇందాక నిలబడ్డ చోటనే ప్రత్యక్షమైంది. అధ్యక్షులు గొంతు తగ్గించారు.

"వాడు మన వెనకాలే వస్తున్నాడు."

"అంత ట్యాంకరు వెనకాల వస్తే కనబడదా అండీ?" అన్నాడు పళ్ళ డాక్టరు, అయినా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటూ.

"పదకొండేళ్ల అనుభవం! తక్కువ అంచనా వేయకండి."

ఇంతలో ఫోను మోగింది. కాపలాదారు. మాట్లాడితే తెర మీంచి చుక్క పోతుందని అధ్యక్షులు దాన్ని కట్ చేశారు. అది మళ్లీ మోగింది. ఆయన మళ్లీ కట్ చేశారు. అయిదోసారికి, "వీడికీ ఇందులో భాగం ఉన్నట్లుంది. మన దృష్టి మళ్లిస్తున్నాడు," అని నిర్ధారించారు.

దాక్కుని కాపు వేయడం మంచిదని తోచి, మూలమీది సెలూనులో దూరారు. లోపల క్షురకుడు ఒకాయన ముఖానికి చెవులదాకా నురగ పట్టించి, ఒక చెంప మాత్రం గీసి ఉన్నాడు. ముగ్గురూ బెంచీ మీద కూర్చుని, దినపత్రికలు అడ్డం పెట్టుకుని వీధిని చూడసాగారు. రెండు నిమిషాలు గడిచాయి. చుక్క ఎగిరి వచ్చి సెలూను మీద వాలింది.

"ట్యాంకరు ఈ గదిలో ఉందట," అన్నాడు పళ్ళ డాక్టరు నీరసంగా. చెప్పి, కుర్చీ కిందకు చూశాడు.

అధ్యక్షులు లేచి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. సర్వం బోధపడింది. డ్రైవరు డబ్బాను ఊడదీసి, తన మనిషికిచ్చి ఊరంతా తిప్పుతున్నాడు. ఆ మనిషి ఈ గదిలోనే ఉన్నాడు!

"ఎవరూ బయటికి వెళ్లడానికి వీల్లేదు. జేబులు చూపించండి!"

"ఎవరి జేబులండీ?" అంటూ నురగ ముఖం కుర్చీలోంచి లేచింది. గీసిన చెంప వెలుతురులోకి రాగానే పళ్ళ డాక్టరు నాలుక కరుచుకున్నాడు. ఆయన మరెవరో కాదు, ట్యాంకరు యజమాని.

అధ్యక్షులు మాత్రం తొణకలేదు. వెతకబోయిన పెద్దమనిషి తానే ఎదురుపడ్డాడు గనుక సంచీలోంచి ఉత్తరం తీసి చేతికిచ్చారు. యజమాని చదువుతున్నంతసేపూ నురగ కాగితం మీద చుక్కలు చుక్కలుగా రాలింది.

"పదకొండేళ్ల మనిషిని పట్టుకుని దొంగంటారా? సరే, రుజువు చేయండి. నిజమైతే ఈ పూటే తీసేస్తాను. కాదని తేలిందో, రేపటినుంచి నా ట్యాంకరు మీ గుమ్మం తొక్కదు. నీళ్లు చెంబులతో తెచ్చుకుందురుగాని!"

పళ్ళ డాక్టరు గడియారం చూసుకున్నాడు. తొమ్మిదింటికి అతనికి ముగ్గురు రోగులున్నారు. ముగ్గురూ నోరు తెరిచి, పుక్కిలించడానికి నీళ్లు అడిగేవారే.

అప్పటిదాకా చుక్కనూ అధ్యక్షులనూ మార్చి మార్చి చూస్తున్న లెక్చరరమ్మ చెయ్యి చాచింది. "ఆ ఫోను ఒకసారి నాకివ్వండి సార్. మీరిక్కడే నిలబడండి. మేమంతా వీధి చివరిదాకా వెళ్తాం."

మెడలో తువాలుతో యజమాని, కత్తి పట్టుకుని ఆయన వెనకే క్షురకుడు, ఆ వెనక డాక్టరు, అందరూ చివరికి నడిచారు. రెండు నిమిషాలు, నాలుగు నిమిషాలు. చుక్క సెలూను దగ్గరే ఉంది.

"ఇప్పుడు మీరొక్కరే రండి సార్, నెమ్మదిగా!"

అధ్యక్షులు వచ్చారు. కాసేపటికి చుక్క కూడా వచ్చింది.

"ట్యాంకరు నడుచుకుంటూ వచ్చేసింది," అన్నాడు డాక్టరు.

"సార్, ఆ సంచీలో ఏముంది?"

"ఇందులోనా? ఏముంటుందమ్మా, తాళంచెవి, ప్రమాణ యం..." ఆయన సంచీ తెరిచారు. లోపల డబ్బా ఆకుపచ్చగా మిణుకుమంటున్నది. దాని మీది నంబరు చదివారు. ఫోనులోని నంబరు చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని రెండూ మళ్లీ చదివారు. ఒక్క అంకె తేడా లేదు. రెండు అట్టపెట్టెలలో తాము నంబరు చూసినది ఏ పెట్టె మీదో ఆయనకు అప్పుడు తెలిసింది.

"యంత్రం సరిగానే పనిచేస్తున్నది," అన్నారు చివరకు.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి లెక్చరరమ్మ ఎత్తింది. అవతలి గొంతు అందరికీ వినిపించింది.

"అమ్మా, సారెక్కడ? తొమ్మిదిసార్లు చేశాను! ట్యాంకరొచ్చి అరగంట దాటింది. సంపు తాళంచెవి లేదు. ఇరవైనాలుగు ఇళ్లవాళ్లూ బిందెలు పట్టుకుని నన్ను తిడుతున్నారు!"

అందరూ గబగబా భవనానికి తిరిగి వచ్చారు. ద్వారం ముందు నిండు ట్యాంకరు, దాని మెట్టు మీద చేతులు కట్టుకుని డ్రైవరు. లెక్చరరమ్మ ట్యాంకరు కిందకు వంగి చూసి, సరైన నంబరు ఎక్కించింది. తెర మీద నీటి కేంద్రం నుంచి ద్వారం వరకు ఒక్క ఎర్రగీత, ఎక్కడా ఆగకుండా, పక్కకు మళ్లకుండా సాగింది. చివర చుక్క. చేరిన సమయం ఏడు యాభై ఎనిమిది.

యజమాని ఉత్తరాన్ని డ్రైవరుకు చదివి వినిపించాడు. "విన్నావుగా? నిన్ను దొంగన్నారు. ఇక్కడికి ఇంక వస్తావా, మానేస్తావా? నీ ఇష్టమే నా ఇష్టం."

బిందెల చప్పుడు ఆగిపోయింది. డ్రైవరు తల గోక్కున్నాడు.

"నిన్న సారు వంగి డబ్బా అంటించడం అద్దంలో చూశానండీ."

"చూసి ఊరుకున్నావా?" అన్నారు అధ్యక్షులు.

"తీస్తే దొంగనంటారు కదండీ! పైగా వరుసలో నిలబడ్డానంటే నెల్లాళ్లుగా ఒక్కరూ నమ్మలేదు. పైనుంచి చూసేది ఉంటే మంచిదే కదా అనుకున్నా. ఇవాళ చీకటితోనే వెళ్లి అందరికంటే ముందు నిలబడ్డా. దారిలో టీకి కూడా ఆగలేదు." అతడు ట్యాంకరు అడుగు వైపు చూపించాడు. "వస్తానండీ. కానీ ఆ డబ్బా మాత్రం తీయకూడదు. అది నాకు సాక్షి."

అధ్యక్షులు నురగ ఆరిన ఉత్తరాన్ని అందుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చించి, తాళంచెవిని స్వయంగా డ్రైవరు చేతిలో పెట్టారు. సంపులో నీళ్లు పడుతున్న హోరులోనే సంఘం పుస్తకం తెప్పించి, ట్యాంకరు మెట్టు మీద పరిచి, తీర్మానాన్ని పైకి చదువుతూ రాశారు:

"ఈనాడు ఏడు గంటల యాభై ఎనిమిది నిమిషాలకు నిండు ట్యాంకరుతో వచ్చి, తప్పంతా అధ్యక్షునిదే అయినప్పటికీ, అరగంటకు పైగా ద్వారం వద్ద ఓపికతో నిలిచి, ఈ భవనానికి నీరు దక్కించిన డ్రైవరు శ్రీ..."

కలం ఆగింది. పదకొండేళ్లలో ఆ పేరు ఎవరూ అడగలేదు. యజమాని నోరు తెరవబోతే అధ్యక్షులు చేత్తో వారించి, నిటారుగా నిలబడి, "మీ పేరు మీరే చెప్పండి," అన్నారు. డ్రైవరు చెప్పాడు.

"...గారికి ఈ సంఘం కృతజ్ఞతనూ క్షమాపణనూ సగౌరవంగా సమర్పించుకుంటున్నది."

పేరును సిరాతో రాసే ముందు మాత్రం, లైసెన్సు ఒకసారి చూపించమన్నారు.