కంప్యూటర్ గది వేడెక్కిన కేసు

విజ్ఞాన చరిత్రలోని చీకటి రోజుల జాబితాలో ఇకపై మొన్నటి సోమవారాన్ని కూడా చేర్చుకోవాలి. ఆ ఉదయం అంతర్జాతీయ గణన విజ్ఞాన, అణువుల సిమ్యులేషన్ ప్రోత్సాహక నెట్‌వర్క్ ప్రధాన కార్యాలయంలో, కంప్యూటర్ గది వేడిగా ఉన్నట్లు కనుగొన్నారు.

కనుగొన్నది ఏసీ మెకానిక్. ఏడాదికోసారి వచ్చి, ఫిల్టర్లు దులిపి, గది చల్లగా ఉందని రాసి వెళ్ళిపోవడం అతని పని. ఈసారి తలుపు తీయగానే వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. లోపల ఫ్యాన్లు రొద పెడుతున్నాయి. ఏళ్ళ తరబడి నిద్రపోతున్న ఆకుపచ్చ దీపాలు గబగబా మిణుకుమంటున్నాయి. అతను తలుపు జాగ్రత్తగా మూసి, రిసెప్షన్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"మేడం, మీ కంప్యూటర్ పని చేస్తోంది."

రిసెప్షనిస్టు ఫిర్యాదుల యాప్ తెరిచింది. అందులో 'కంప్యూటర్ పని చేయడం లేదు' అనే వర్గం ఉంది. 'చేస్తోంది' అనేది లేదు. దానికి దగ్గరగా ఉన్న వర్గం అగ్నిప్రమాదం. ఆమె అదే నొక్కింది. క్షణాల్లో సైరన్ మోగి, భవనం ఖాళీ అయింది.

కొత్త పాఠకుల కోసం కొంచెం వివరం. మందు ఒంట్లోకి వెళ్ళాక ఏం చేస్తుందో, గడ్డకట్టేటప్పుడు నీళ్ళలోని అణువులు ఎలా సర్దుకుంటాయో కంటితో చూడలేం. అందుకని ఆ అణువుల్ని కంప్యూటర్‌లో సృష్టించి, అవి ఎటు కదులుతాయో లెక్కగట్టి చూస్తారు. దాన్నే సిమ్యులేషన్ అంటారు. నెట్‌వర్క్ ఆ పని చేయదు. ఆ పనిని ప్రోత్సహిస్తుంది. (రెండింటికీ తేడా తెలియని వాళ్ళ కోసం ఏటా ఒక శిక్షణా తరగతి ఉంది. అందులో కాఫీ బాగుంటుంది.)

నెట్‌వర్క్ నిబంధనావళి మొదటి పేజీలోనే ఒక వాక్యం ఉంది: "సభ్య సంస్థల్లో గానీ, ప్రధాన కార్యాలయంలో గానీ పరిశోధన మొదలైన నాడు, ప్రోత్సాహం అవసరం తీరినట్లు భావించి, నెట్‌వర్క్‌ను మూసివేయవలెను." స్థాపించిన వాళ్ళు ఏదో ఉత్సాహంలో రాసేశారు. అప్పటి నుంచి అలాంటి ప్రమాదమేదీ జరగకుండా అందరూ కంటికి రెప్పలా కాపాడుకుంటూ వస్తున్నారు.

ఆ భద్రతా ఏర్పాట్లలో ముఖ్యమైనది క్యూ. కంప్యూటర్ వాడుకోవాలంటే దరఖాస్తు చేసి క్యూలో నిలబడాలి. క్యూలో ఎవరూ ఉండరు, కానీ క్యూ ఉంటుంది. కొత్త దరఖాస్తును ఆ ఖాళీ క్యూ చివర నిలబెడతారు. ముందువాళ్ళు కదిలితే తప్ప వెనకవాళ్ళని కదిలించకూడదన్నది నియమం. ముందు ఎవరూ లేరు గనుక కదిలేవాళ్ళూ లేరు. (ఈ విధానానికి ఇంకో రెండు ఖండాల్లో ప్రశంసాపత్రాలు వచ్చాయి.)

అంత పకడ్బందీ ఏర్పాటును ఎవరో ఛేదించారు. కంప్యూటర్ మీద నిజమైన సిమ్యులేషన్ నడిపారు.

మధ్యాహ్నానికల్లా విచారణ సంఘం ఏర్పడింది. విచారణాధికారిని ప్రపంచమంతా గాలించి ఎంపిక చేశారు. ఆయన నెట్‌వర్క్ అధ్యక్షుడికి స్వయానా అక్క మొగుడు కావడం యాదృచ్ఛికం. ఆఫీసులో అందరూ ఆయన్ని బావగారు అనీ, అధ్యక్షుణ్ణి పెద్దాయన అనీ అంటారు.

బావగారు కుర్చీలో కూర్చుంటూనే అనుమానితురాల్ని తేల్చేశారు. ఆమె ఒప్పందం మీద పనిచేస్తున్న అమ్మాయి. అణువుల సిమ్యులేషన్‌లో పెద్ద చదువు చదివింది. అలాంటి మనిషిని ఇలాంటి సంస్థలోకి తీసుకోవడం ఎంపిక సంఘం పొరపాటు. (ఆ సంఘానికి తర్వాత తగిన శిక్షణ ఇప్పించారు.) సదస్సులకు వచ్చేవాళ్ళ బ్యాడ్జీలకు రిబ్బన్లు కట్టడం ఆమె పని. ఎరుపు వక్తలకి, నీలం అధ్యక్షత వహించేవాళ్ళకి, పసుపు కేవలం భోజనానికి వచ్చేవాళ్ళకి. పసుపు ఎప్పుడూ చాలేది కాదు.

ఆమె ఒప్పందం ఈ నెలాఖరుతో ముగుస్తుంది. ఉద్యోగకాలంలో ఎలాంటి పరిశోధనా చేయలేదని తేలితేనే పొడిగిస్తారు. ఇప్పుడు కంప్యూటర్‌లో నడిచిందేమో ఆమె లెక్కే. మొండి రోగక్రిమి మీద పనిచేయాల్సిన ఒక మందు అణువు, ఆ క్రిమి గోడ దాటి లోపలికి వెళ్తుందా, బయటే తచ్చాడుతుందా? వెళ్తుందని ఆమె నమ్మకం. ఎక్కడి నుంచి వెళ్తుందో కూడా రాసి, వచ్చిన నాటి నుంచీ దరఖాస్తు పెడుతూనే ఉంది. క్యూ చివర నిలబడుతూనే ఉంది.

విచారణ మర్నాడు మీటింగు హాల్లో జరిగింది. నిష్పాక్షికంగా జరుగుతోందో లేదో చూడటానికి పెద్దాయన కూడా వచ్చి, కిటికీ పక్కన కూర్చుని టీ కలుపుకుంటున్నాడు.

"కూర్చోమ్మా," అన్నారు బావగారు. "భయపడకు. ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది. ఒప్పుకోకపోతే విచారణ పెరుగుతుంది. నా భోజనం టైము కూడా చూడు మరి."

"నేను చేయలేదండీ."

"అణువు నీదే కదా?"

"అణువు నాదేనండీ. నడిపింది నేను కాదు."

"మీ నాన్నకి తెలుసా, నువ్వు ఇక్కడ ఇలాంటి పనులు చేస్తున్నావని?"

"చేయట్లేదనేదే మా నాన్న గొడవండీ. అంత చదివి రిబ్బన్లు కడుతున్నావేంటే అంటాడు."

బావగారు ఏదో రాసుకున్నారు. ఆ అమ్మాయి కాసేపు చేతులు నలుపుకుంటూ కూర్చుని, ఇక ఆగలేక అడిగింది.

"ఫలితం ఏమొచ్చిందండీ?"

బావగారి కలం ఆగిపోయింది. "ఏమన్నావ్?"

"లోపలికి వెళ్ళిందా అండీ? గోడ దాటిందా?"

"చూశావా," అన్నారు బావగారు, పెద్దాయన వైపు తిరిగి. "తనే బయటపడింది. చేయనిదానికి ఫలితంతో ఏం పని?" (ఫలితం తెలుసుకోవాలన్న కోరిక నేర స్వభావానికి తొలి లక్షణమని నెట్‌వర్క్ నైతిక నియమావళి కూడా చెబుతోంది.)

"చిన్నపిల్ల, వదిలేద్దాం బావగారూ," అన్నాడు పెద్దాయన.

"వదిలేద్దాం. ఉద్యోగం తీసేసి వదిలేద్దాం. మీ అక్కా ఇంతే. దొంగ దొరికేదాకా అరుస్తుంది, దొరికాక వాడికి అన్నం పెడతానంటుంది."

ఇంకో ఆధారం కూడా ఉంది. ఈ లెక్క ఖాళీ క్యూలో చివరికి వెళ్ళలేదు, నేరుగా మొదట్లోకి వెళ్ళింది. అలా పంపే అధికారం ఆ భవనంలో ఒకే ఒక్కరికి ఉంది. బావగారు ఆ సంగతి గమనించారు కూడా. కానీ అది పెద్దల విషయం గనుక, గౌరవంగా పక్కన పెట్టారు.

"ఇదిగో, నువ్వు చేసిన నిర్వాకం," అంటూ ల్యాప్‌టాప్ ఆమె ముందుకి తోశారు. కంప్యూటర్ ఏ పని తర్వాత ఏ పని చేసిందో తెర మీద వరసగా కనిపిస్తోంది.

ఆమె వంగి చూసింది. చూస్తూ చూస్తూ, తన మీద విచారణ జరుగుతోందన్న సంగతే మర్చిపోయింది.

"ఇది నేను కాదండీ, ఖాయంగా కాదు. చూడండి, ముందు క్రిమి గోడని పెట్టి, చుట్టూ నీళ్ళు నింపారు. ఆ నీళ్ళు కుదుటపడేదాకా ఆగారు. ఎంతసేపు ఆగారో చూడండి. వేడి కూడా కొంచెం కొంచెంగా పెంచారు. ఆ తర్వాత గానీ మందు వదల్లేదు. ఇప్పుడెవరూ ఇంత ఆగరండీ. కొత్త ప్రోగ్రాములు చిటికెలో కానిచ్చేస్తాయి. నేనైతే ఇందులో పదో వంతు కూడా ఆగను. ఇదంతా పాతకాలం వాళ్ళ చాదస్తం."

కిటికీ దగ్గర చెంచా చప్పుడు ఆగిపోయింది.

"చాదస్తం కాదమ్మా," అన్నాడు పెద్దాయన. "పద్ధతి. నీళ్ళు కుదుటపడకుండా మందు వదిలితే నీకొచ్చేది ఫలితం కాదు. సినిమా."

బావగారు ల్యాప్‌టాప్ వైపు చూశారు, పెద్దాయన వైపు చూశారు, ఎక్కువ నచ్చిన ల్యాప్‌టాప్ వైపే మళ్ళీ చూశారు.

"ఏమయ్యా," అన్నారు చివరికి. "నువ్వు అధ్యక్షుడివి. ఇవన్నీ నీకెలా తెలుసు?"

పెద్దాయన టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టాడు.

"నేనే నడిపాను బావగారూ. శుక్రవారం మీటింగు రద్దయింది. నేను అధ్యక్షుణ్ణయ్యాక మీటింగు రద్దవడం అదే మొదలు. ఇంటికి పోదామంటే మీ మీద చెప్పుకోవడానికి అక్కయ్య వచ్చి కూర్చుంది. ఏం చేయను? బల్ల మీద ఈ అమ్మాయి దరఖాస్తు ఉంది, తిరస్కరించడానికి. మామూలుగా నేను చదవను, సంతకం పెట్టేస్తాను. ఆ రోజు తోచక చదివాను. మంచి ప్రశ్న చూసి ఎన్నాళ్ళయిందో బావగారూ. చేతులు ఆగలేదు. నేనూ ఒకప్పుడు ఈ పనే చేసేవాణ్ణి, బాగా చేస్తానని అధ్యక్షుణ్ణి చేశారు.

"సోమవారం సైరన్ మోగినప్పుడు నేను బయటికి రాలేదు. మీరంతా రోడ్డు మీద హాజరు వేసుకుంటుంటే, తెర ముందు నేనొక్కణ్ణే ఉన్నాను. మందు గోడ దగ్గరికి వచ్చింది. ఆగింది. కిక్కిరిసిన బస్సులో మనిషి భుజం ఓరగా తిప్పి లోపలికి జారతాడు చూశారా, అలా జారింది. నువ్వు రాసినట్టేనమ్మా. నువ్వు రాసిన చోటే.

"కంగారు పడకండి బావగారూ. ఇంతమంది ఉద్యోగాలు దీని మీదే ఉన్నాయని నాకు తెలియదా? నెట్‌వర్క్‌కి ఏ ఢోకా లేదు. కళ్ళారా చూశాను, వెంటనే చెరిపేశాను. ఈ అమ్మాయి ఒప్పందం పొడిగించండి. ఇక్కడ చేరాక ఒక్క లెక్క కూడా చేయలేదని నేను హామీ ఇస్తాను, చేయనివ్వంది నేనే కదా. దరఖాస్తు కూడా తిరస్కరించేశాను. కారణం దగ్గర 'ఫలితం వచ్చే అవకాశం లేదు' అని రాశాను. చెరిపేసిన తర్వాతే రాశాన్లెండి. అబద్ధం రాయడం నాకు మొదటి నుంచీ అలవాటు లేదు."