భోజనాల వేళ బడి

ఒక పెద్ద అడవిలో బడేమో చిన్నది, దాని కమిటీ మాత్రం పెద్దది. ఆ కమిటీ ముందుకు అలుగమ్మ కొడుకు చిట్టెన్నని వెంటబెట్టుకొచ్చింది. అలుగు తెలుసుగా? ఒళ్లంతా పొలుసులు, బెదిరితే బంతిలా చుట్టుకుపోతుంది.

షరతు ఒక్కటే. అధ్యక్షుడు ఏనుగుగారికి చిట్టెన్న నమస్తే పెట్టాలి. పెడితే సీటు. లేదంటే మాట వినని పిల్లాడని ఇంటికే. అడవి మొత్తానికి ఉన్నది ఆ ఒక్క బడే.

"వీడికి ఆటిజం అండీ," అంది అలుగమ్మ. "డాక్టరు కొంగగారు చెప్పారు. ఒక్కరే, ఒక్క మాట చెప్పి, కాసేపు ఆగితే చేస్తాడు."

"ఓస్, అంతేనా!" అన్నాడు నక్క మాస్టారు. "నమస్తే పెట్టు నాన్నా!"

"చేతులు సరిగ్గా జోడించి!" అంది చిలక.

"కళ్లలోకి చూస్తూ!" అని ఓండ్ర పెట్టింది గాడిద.

"నవ్వుతూ పెట్టరా, మా బంగారు కొండవి కదూ!" అని ఎలుగుబంటి గర్జించాడు.

చిట్టెన్న బంతైపోయాడు.

"అయ్యా, ఒక్కరే..." అంది అలుగమ్మ ఉసూరుమంటూ.

వెంటనే 'ఒక్కరే మాట్లాడే ఉపసంఘం' వేశారు. సభ్యులంతా "ఒక్కరే మాట్లాడాలి!" అని ఒక్కసారే అరిచారు. కోతి "నిశ్శబ్దం!" అంటూ డప్పు వాయించింది. ఏనుగుగారు ఆ గోలలోనే హాయిగా కునుకు తీస్తున్నారు. బంతి ఇంకా బిగిసింది.

"అంతా పెంపకం లోపం," అంది చిలక. అలుగమ్మకి ఒళ్లు మండిపోయింది. సీటు గుర్తొచ్చి తమాయించుకుంది.

ఇంతలో బయటినుంచి కేక: "భోజనాలు వడ్డించేశారు!"

అబ్బ, ఏం క్రమశిక్షణండీ! రెండోసారి చెప్పించుకోకుండా కమిటీ మొత్తం వరసకట్టి వెళ్లిపోయింది. నిద్రలో ఉన్న ఏనుగుగారొక్కరే మిగిలారు.

అలుగమ్మ కొడుకు పక్కన కూర్చుని మెల్లిగా "నమస్తే పెట్టు," అంది. ఆగింది. ఇంకాసేపు ఆగింది. బంతి విచ్చుకుంది. చిట్టెన్న వెళ్లి ఏనుగుగారి ముందు నిలబడి, నేలకేసి చూస్తూ చేతులు జోడించాడు.

"నమస్తేండీ."

ఏనుగుగారు కళ్లు తెరిచి, పొంగిపోయారు.

"మన ఉపసంఘం సాధించింది! రండి, చప్పట్లు కొట్టండి!" అని ఘీంకరించారు.

అందరూ ఎంగిలి చేతులతోనే పరిగెత్తుకొచ్చారు. చప్పట్లు, ఈలలు, డప్పు. చిట్టెన్న మళ్లీ బంతి.

"అదేంటి, మళ్లీ మొండికేశాడు!" అన్నాడు నక్క మాస్టారు.

"నాకు పెట్టాడయ్యా, చాలు. సీటిచ్చేశాం," అన్నారు ఏనుగుగారు. "ఏ వేళకి పంపిస్తావమ్మా?"

"తమరి భోజనాల వేళకండీ," అంది అలుగమ్మ.

ఇప్పుడు మిగతా పిల్లలు కూడా ఆ వేళకే వస్తున్నారట. అప్పుడైతే అలుగమ్మ ఒక్కతే మెల్లిగా చెబుతుందట, చెప్పింది బుర్రకెక్కుతోందట.

తేలిందేమిటంటే, పిల్లలు మాట వినాలంటే ముందు పెద్దల్ని భోజనానికి పంపాలి.