పంతొమ్మిది కాయలతో కోటప్పకొండ

ఆదివారం పొద్దున్నే ఆరింటి బస్సులో బయలుదేరి, కోటప్పకొండ ఎక్కి దిగి, రాత్రి భోజనానికి ఇంటికి చేరాలన్నది చంద్రశేఖరం మాస్టారి ఏర్పాటు. రేపల్లెలో ఇరవై రెండేళ్లుగా పర్వతాల పాఠం చెబుతున్నా, ఆయన అంతవరకు ఎక్కిన అతి ఎత్తయిన చోటు తెనాలి స్టేషన్లో వంతెన. ఆ సంగతి డ్రిల్లు మాస్టారు సీమోను శుక్రవారం నాడు పదో తరగతి పిల్లల ముందు బయటపెట్టేశాడు. ఎనభై ఏడులో మాస్టార్లకు పరువే పెద్ద ఆస్తి.

"ఎల్లుండే ఎక్కొస్తానండి. ఎక్కలేకపోతే ఆ పాఠం మీరే చెప్పుకోండి" అన్నారు మాస్టారు.

కొన్నాళ్లు సాధన చేసి వెళ్లమని సీమోను చెప్పినా ఆయన వినలేదు. రోజూ మైలున్నర నడిచి బడికొచ్చే కాళ్లకు కొత్తగా నేర్పేదేముందన్నారు. ఆ మైలున్నరా చాప పరిచినట్టుంటుందన్నది ఆయన లెక్కలోకి రాలేదు.

భార్య కనకలక్ష్మి ఈ ప్రయాణం గురించి పక్కింటి అచ్చమ్మతో చెప్పింది. మన వైపు మొక్కు లేకుండా ఎవరూ కొండ ఎక్కరు. అందుకని అచ్చమ్మ, అల్లుడి ఉద్యోగం కోసం తన తరఫున కూడా ఒక కొబ్బరికాయ కొట్టి, చిప్ప ప్రసాదంగా తెమ్మని ఇచ్చింది. ఆమెను చూసి ఎదురింటివాళ్లు, వాళ్లను చూసి వీధి వీధంతా తలా ఒక కాయ తెచ్చారు. మొక్కు మోయనన్నవాణ్ణి వీధిలో బతకనిస్తారా? బస్సెక్కే వేళకు గోనెసంచిలో పంతొమ్మిది కాయలు పడ్డాయి.

మెట్లు హుషారుగానే మొదలుపెట్టారు. యాభై మెట్లకు చొక్కా తడిసింది. వందకు సంచి భుజం మారింది. నూట యాభైకి, పర్వతాలు ఎలా ఏర్పడ్డాయని కాదు, అసలెందుకు ఏర్పడ్డాయని సందేహం వచ్చింది. ఇక లాభం లేదని ఒక పక్కన కూలబడి, బరువు సర్దుకుందామని కాయలు బయటపెట్టారు.

ఇంతలో ఒక భక్తుడు వచ్చి, ఒక కాయ వాయించి చూసి, రెండు రూపాయలు సంచి మీద పెట్టాడు. మాస్టారికి ఆయాసంతో మాట రాలేదు. అమ్మేవి కావని తల అడ్డంగా ఊపారు. బేరమనుకుని అతను ఇంకో పావలా వేశాడు. చూస్తుండగానే జనం మూగారు. మాస్టారికి గొంతు పెగిలేసరికి సంచి ఖాళీ అయింది.

వీధి మొక్కులన్నీ పోగొట్టుకుని ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్లడం? పైకెళ్లి జనాన్ని పట్టుకుందామంటే మోకాళ్లు ససేమిరా అన్నాయి. అక్కడే కూర్చుని, దిగివచ్చే వాళ్లందరికీ ఏడుపు గొంతుతో సంగతి చెప్పుకున్నారు.

"ఒకరి మొక్కు ఇంకొకరు తినకూడదండి" అంటూ, మొదటి కాయ కొన్న యలమంద తన చిప్ప సంచిలో వేసి డబ్బు వెనక్కి తీసుకున్నాడు. మిగతావాళ్లూ భయపడి అదే పని చేశారు. సాయంత్రానికి కాయలన్నీ స్వామి దర్శనం చేసుకుని వచ్చాయి. మాస్టారు మాత్రం చేసుకోలేదు.

ఊరొచ్చి ప్రసాదాలు పంచారే గాని, ఎక్కలేదన్న మాట నోట రాలేదు. సోమవారం సీమోను పిల్లల ముందే చెయ్యి కలిపాడు. ఆ సంతోషం బుధవారం దాకా నిలిచింది. బుధవారం అచ్చమ్మ అల్లుడికి బాపట్లలో ఉద్యోగం ఖాయమైనట్టు కార్డు వచ్చింది. మాస్టారి చేతిలో మహిమ ఉందని, వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లాల్సిందేనని వీధంతా ఇంటి మీదికి వచ్చింది. మాస్టారు పరువుకు నీళ్లొదులుకున్నారు.

"అచ్చమ్మగారూ, నేను కొండ ఎక్కలేదండి. సగం దాకా కూడా పోలేదు."

అచ్చమ్మ భక్తిగా చేతులు జోడించింది. "నిజంగా ఎక్కినోళ్లు అట్టాగే అంటారు బాబూ."

దీపాలు పెట్టే వేళకు అరుగు మీద నలభై ఆరు కాయలు చేరాయి.