బోర్డు మీద ఆన్ అయిన కంప్యూటర్

గుల్లలపాలెం ప్రాథమిక పాఠశాలలో ఇందుమతి టీచర్ నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసిన కంప్యూటర్ సోమవారం పదిన్నరకు ఆన్ అయింది. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆ వారం పాఠం అదే.

అసలు కంప్యూటర్ కూడా బడిలో ఉంది. వచ్చి రెండేళ్లయింది. కొత్తల్లుడు వస్తే తప్ప దించని గాజు గ్లాసుల్లాగా, అట్టపెట్టెతో సహా బీరువాలో తాళం వేసి ఉంది. వాడి పాడుచేస్తే టీచర్ సంజాయిషీ రాసుకోవాలి. వాడకపోతే రాసుకోనక్కర్లేదు. అందుకని ఏటా దసరాకు పెట్టెకు బొట్టు పెట్టి, పాఠం మాత్రం బోర్డు మీద గీసి చెప్పేవారు.

గీసింది బాగానే పనిచేసింది. కరెంటు పోయినా ఆగలేదు. టీచర్ జాగ్రత్తలు రాయించారు: తడిచేత్తో ముట్టుకోకూడదు, పాస్‌వర్డు పక్కవాళ్లకు చెప్పకూడదు, మౌసు తోక చెరిగితే మళ్లీ గీసుకోవాలి. పిల్లలు వరసలో నిలబడి తలా అయిదు నిమిషాలు వాడుకున్నారు.

మూడో తరగతి పైడితల్లి తన అయిదు నిమిషాలూ తండ్రికి ఉత్తరం కొట్టేది. ఆయన గుజరాత్ తీరంలో చేపల బోటు మీదికి వెళ్లి ఏడు నెలలు. ఇంటికి ఏ కబురూ లేదు. బోర్డు మీద మాత్రం జవాబు వచ్చేది. "తిన్నావా?" అని మంగళవారం. "అమ్మకి దగ్గు తగ్గినాదా?" అని బుధవారం.

గురువారం తనిఖీ అధికారి లోపలికి వచ్చేసరికి ఆ పిల్ల "ఎప్పుడొస్తావు అయ్యా?" అని అడిగి నిలబడి ఉంది. బోర్డు మీద "నేను" అని పడింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు అధికారి.

"కంప్యూటర్ సార్," అన్నారు టీచర్.

"పనిచేస్తోందా?"

"చేస్తోందండీ."

"స్టాక్ రిజిస్టర్లో ఉందా?"

"సుద్దముక్కలు ఉన్నాయి సార్."

"నంబరు లేని వస్తువు పనిచేస్తోందని పైవాళ్లకు నేనేమని రాయను? తుడిచేయండి."

"ఒక్క నిమిషం ఆగండి సార్," అంది పైడితల్లి. "మా అయ్య రాస్తన్నాడు."

అధికారి చెడ్డవాడు కాదు. టీ వచ్చేదాకా ఆగాడు. "నేను" పక్కన "ఈ" పడింది.

"మీ అయ్యది మరీ నిదానంలాగుందే."

"వల లాగి లాగి సేతులు కాయలు కాసీనాయి సార్."

టీ వచ్చింది. తాగడం కూడా అయింది. ఇందుమతి టీచర్ పిల్ల మొహం చూడకుండా డస్టర్ తీసుకుని, కింద నుంచి పైకి, శుభ్రంగా తుడిచారు.

తరువాత బీరువా తెరిచారు. అట్టపెట్టెకు అంటించిన టేపు అంటించినట్టే ఉంది. అధికారి దాన్ని వేలితో తడిమి సంతోషించాడు. "పక్క ఊరి బడిలో పిల్లల చేత వాడించి మీటలన్నీ అరగ్గొట్టారమ్మా. మీరు కడిగిన ముత్యంలా ఉంచారు," అన్నాడు. జిల్లాలో ఉత్తమ నిర్వహణకు ఈ బడి పేరు రాస్తానన్నాడు.

చివరగా పిల్లలకు పరీక్ష. ప్రశ్న ఒకటే.

"మీ కంప్యూటర్ ఎక్కడుంది?"

ఇరవై ముగ్గురు పిల్లలు బీరువా వైపు చెయ్యి చూపించారు. పైడితల్లి కాసేపు ఖాళీ బోర్డును చూసి, తనూ బీరువా వైపే చూపించింది. అందరికీ 'ఎ' గ్రేడు ఇచ్చి అధికారి కింద ఒక ముక్క రాశాడు: ఒక బాలిక జవాబివ్వడంలో ఆలస్యం చేస్తోంది, అదనపు శిక్షణ అవసరం.