ప్రేమ్‌సింగ్ రాక్, నాయకుడి రాక

సభకు నాయకుడు ఆలస్యంగా రావడం కళకు పట్టిన అదృష్టం. నవ్వకండి! ఆయన వేళకు వచ్చి ఉంటే, గార్ల పక్క తండాలో పుట్టిన ప్రేమ్‌సింగ్ అనే సైకెడెలిక్ రాక్ విద్వాంసుడు మనకు దక్కేవాడా?

ప్రేమ్‌సింగ్ సికింద్రాబాద్ హోటళ్లలో గిటారు వాయించేవాడు. తెలంగాణ ఉద్యమం రాజుకోగానే గిటారు భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాడు. అతని సంగీతం తమాషాది. తీగ మీటితే ఆ మోత స్పీకర్లలో సుడులు తిరగాలి, కళ్లు మూసుకున్నవాడికి రంగులు కనబడాలి. పాట నలభై నిమిషాలు. అంత తీరిక ఏ పెళ్లివారికుంటుంది?

నిజానికి ఆ మోతంతా చివరి ఐదు నిమిషాల కోసమే. భార్య కమ్లీ పత్తి ఏరుతూ పాడుకునే పాట వరసను అక్కడ పెట్టుకున్నాడు. దాన్ని నలుగురిలో వినిపించాలని ఆశ.

జనగామ సభకు నాయకుడు పదింటికి రావాలి. పన్నెండైంది. మైకు పట్టుకున్న సోమనర్సయ్య దగ్గర నినాదాలు అయిపోయాయి. వేదిక పక్కన గిటారుతో నిలబడ్డ ప్రేమ్‌సింగ్ మీద అతని కళ్లు పడ్డాయి.

"ప్రేమన్నా, నువ్వు వాయించేది ఏందే?"

"రాక్."

సోమనర్సయ్య మైకులో చెప్పేశాడు: "ఇప్పుడు ప్రేమన్న రాక వాయిస్తడు. జర కూసోండ్రి."

రాక! జనానికి తెలిసిన రాక ఒక్కటే. గిటారు గీమనగానే నాయకుడు దిగాడనుకుని డప్పులు, పూలదండలు రోడ్డు మీదికి పరుగెత్తాయి. ఇంటిదారి పట్టినవాళ్లు వెనక్కొచ్చారు. సభ నిలిచింది.

అప్పటినుంచి ప్రేమ్‌సింగ్ లేని సభ లేదు. కానీ సోమనర్సయ్యది ఒకటే షరతు.

"నాయకుడొచ్చేదాక ముగించకు అన్నా. పాటైపోతే జనం పోతరు."

చిల్పూర్‌లో రెండు గంటలు, భూపాలపల్లిలో నాలుగు గంటలు సాగదీశాడు. అక్కడ గని కార్మికుడు యాకయ్య చెవిలో వేలు పెట్టుకుని తల ఊపాడు.

"గనిల బ్లాస్టింగైనంక చెవుల్ల గిట్లనే మోగుతది. మంచిగున్నది."

విమర్శకులు ఇంతకంటే ఏం రాస్తారు! నేడు జఫర్‌గఢ్ బ్యాండువాళ్లు సైతం పెళ్లికొడుకు ఆలస్యమైతే 'రాక' వాయిస్తున్నారంటే, ప్రేమ్‌సింగ్ వారసత్వం ఎంతటిదో చూడండి.

ఇంటికి రాగానే కమ్లీ అడిగేది.

"నా పాట దాక పోయినవా?"

"పోలే. నాయకుడొచ్చిండు."

రాష్ట్రం వచ్చింది. మహబూబాబాద్‌లో ఉద్యమ కళాకారులకు సన్మానమన్నారు. ఈసారి కమ్లీ ముందు వరసలో కూర్చుంది. మంత్రి పదకొండింటికి రావాలి.

"సారు బయల్దేరిండట. జర అందుకో అన్నా" అన్నాడు సోమనర్సయ్య.

ఒంటిగంటకు జనం పల్చబడ్డారు. రెండింటికి కుర్చీలు ఒకదానిమీదొకటి ఎక్కాయి. మూడింటికి ఫోనొచ్చింది. సోమనర్సయ్య మైకు కట్టేశాడు.

"సారు రాడట. ఇగ ముగించుకో అన్నా."

ఇన్నేళ్లకు దొరికిన అనుమతి! ప్రేమ్‌సింగ్ కళ్లు మూసుకుని చివరి ఐదు నిమిషాలూ వాయించాడు. ఖాళీ కుర్చీల మధ్య కమ్లీ గొంతు కలిపింది.

గిటారు సంచిలో పెడుతుంటే అడిగింది.

"మల్ల ఎన్నడొస్తడట?"

"ఓట్లప్పుడు."

"అంటే ఇంకా అయిదేండ్లున్నది. ఇంకో పాట కట్టు."