పందికొక్కు ముట్టని బార్బెక్యూ

ఒక పెద్ద అడవిలో తేనె, కుంకుడుకాయలు అమ్మే కంపెనీ ఒకటి ఉండేది. కంపెనీ అన్నాక యజమాని ఉండాలి, అడవిలో యజమాని అంటే సింహమే, కాబట్టి ఆ సంగతి వేరే చెప్పను. మన కథ సంక్షేమాధికారి పర్వతాలు గురించి. పర్వతాలు పందికొక్కు.

పందికొక్కుగా పుట్టి కంపెనీలో ఉద్యోగం చేయడం ఎంత కష్టమో అలా పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. గోదాములో కుంకుడుకాయలు తగ్గినా, క్యాంటీన్లో ఉప్పు తగ్గినా అందరి చూపూ దాని పొట్ట వైపే. అందుకే ఉద్యోగంలో చేరిన రోజునే పర్వతాలు ఒట్టు పెట్టుకుంది, కంపెనీ తిండి మెతుకు కూడా ముట్టనని. ఇంటి నుంచి తెచ్చుకున్న గడ్డివేళ్ళు ఓ మూల కూర్చుని నమిలేది. అది చూసి, చాటుగా ఏదో తింటోందని చెప్పుకునేవారు.

ఆ ఏడు కంపెనీ పిక్నిక్‌కి పులిహోర వద్దే వద్దన్నారు సింహం గారి భార్య. అడవి అంచున గుడారాలు వేసుకున్న మనుషులు నిప్పుల మీద ఏవేవో కాల్చుకు తింటుంటే ఆవిడ పొదచాటు నుంచి చూసొచ్చారట. దాన్ని బార్బెక్యూ అంటారట.

సింహం గారు పర్వతాలుని పిలిచారు. "బార్బెక్యూ బాగా కుదిరితే నీ ఉద్యోగం పర్మనెంటు. కుదరకపోతే మొసళ్ళ మడుగు బ్రాంచికి వెళ్దువుగాని."

మొసళ్ళ మడుగు బ్రాంచిలో పని ఒకటే, మొసళ్ళకి పందుంపుల్లలు అమ్మడం. ఊరికే అమ్మితే సరిపోదు, పళ్ళు ఎలా తోముకోవాలో దగ్గరుండి చూపించాలి. ఆ బ్రాంచిలో ఇప్పటిదాకా రిటైరైనవాళ్ళు లేరు.

"నువ్వసలే పందికొక్కువి, తిండి విషయం నీ ఒక్కడి చేతిలో పెట్టలేను. రుచి చూడ్డానికి కమిటీ వేస్తున్నా," అన్నారు సింహం గారు.

లెక్కలు చూసే నక్క విశ్వేశ్వరం, యూనియన్ నాయకుడు అడవిదున్న మల్లేశు, ప్రచారం చూసే నెమలి మనోహర్, ఈ ముగ్గురూ కమిటీ. వంటకి ఎలుగుబంటి అబ్బులు దొరికింది. నిప్పంటే భయం లేనిది అడవిలో అదొక్కటే. ఒళ్ళంతా అక్కడక్కడా బొచ్చు కాలి ఉన్నా దానికి లెక్కలేదు. కమిటీ రుచి చూసి సరేనంటే పిక్నిక్ వంట ఒప్పందం దానికే.

అబ్బులు వాగు ఒడ్డున నిప్పులు పరిచి, చిలగడదుంపలు, మొక్కజొన్న పొత్తులు, పుట్టగొడుగులు, చేపలు కాల్చి తెచ్చింది. చేపలు కంపెనీ ఉద్యోగులు కావు కాబట్టి వాటినెవరూ అడగలేదు. కారం, నిమ్మరసం పూసిన పొత్తుల వాసనకి పర్వతాలు కాళ్ళు దానికి తెలియకుండానే రెండడుగులు ముందుకి వేశాయి. అది వాటిని వెనక్కి లాక్కుని, గుటకలు మింగుతూ నిలబడింది.

కమిటీ తింది. బాగా తింది. గంప అడుగు కనపడింది.

"ఎలా ఉందండీ?" అంది పర్వతాలు ఆత్రంగా.

"అద్భుతం," అనబోయింది మల్లేశు. నక్క దాని కాలు తొక్కింది.

"బాగానే ఉంది గానీ, మనం నీడలో కూర్చుని తిన్నాం," అంది నక్క మూతి తుడుచుకుంటూ. "పిక్నిక్ నాడు ఎండ కాస్తే? నీడలో చూసిన రుచి ఎండలో చెల్లుతుందా? రేపు ఎండలో చూడాలి."

నిర్ణయం అయిపోతే తిండీ అయిపోతుందని దానికి అప్పుడే తట్టింది. చురుకైన బుర్ర.

మర్నాడు ఎండలో తిన్నారు. ఆ తర్వాత గాలి వీస్తే ఎలా ఉంటుందో చూశారు. చినుకులు పడితే చూడాలని మబ్బు కోసం కాచుకుని మరీ తిన్నారు. నెమలి ప్రతిసారీ తోక విప్పి, మెడ వంచి, "పొత్తు మీద నల్ల గీతలు వంకరగా వచ్చాయి. ఇది ఫొటోకి పనికిరాదు, ఇంకోటి కాల్చు," అనేది. వంకరగా వచ్చింది తినేసేది. దున్న శాకాహారి. అయినా చేపలు కూడా లాగించింది.

"అదేంటి మల్లేశు గారూ?" అంది పర్వతాలు.

"కార్మికుల్లో మాంసాహారులు లేరా? వాళ్ళ తరఫున తిన్నా," అంది దున్న తేన్చుతూ.

అబ్బులు గరిటె కింద పడేసింది. "బాబూ, రుచి చూడ్డమంటే ముక్క చూస్తారు గానీ గంప చూస్తారా? ఒప్పందం మాట తేల్చండి."

"తొందరపడితే ఆడిట్‌లో మాట వస్తుంది," అంది నక్క.

పర్వతాలుకి నిద్ర పట్టడం మానేసింది. కళ్ళు మూసుకుంటే ఒకసారి మొసలి నోరు, ఒకసారి కాలిన చిలగడదుంప. ఏది ఎక్కువ బాధపెడుతోందో దానికే తెలియలేదు.

వాసన ఊరుకుంటుందా, అడవంతా తిరిగింది. తేనె విభాగం కోతులు వచ్చి, మా ప్రతినిధి ఏడీ అన్నాయి. టైపు విభాగం జింకలు కూడా అడిగాయి. ఎవరు పైకి చెప్పినా తన పని ముగుస్తుందని నక్క అందరినీ కమిటీలో చేర్చుకుంది. తినే నోళ్ళు ఫిర్యాదు చెయ్యవు. అలా అలా, పర్వతాలు తప్ప కంపెనీ మొత్తం కమిటీ అయిపోయింది.

పిక్నిక్ నాటి పొద్దున్నే తుది పరిశీలన పెట్టుకున్నారు. అందరూ కుత్తుక దాకా తిన్నారు. అప్పుడు నక్క పెద్ద మనసు చేసుకుని, "అబ్బులునే ఖాయం చేద్దాం," అంది.

మధ్యాహ్నం సింహం గారు సతీసమేతంగా, మంచి ఆకలితో వేంచేశారు. అబ్బులు విస్తళ్ళ నిండా వడ్డించింది. పొగలు కక్కుతోంది.

సింహం గారికి ఒక ఆచారం ఉంది. సిబ్బంది మొదటి ముద్ద తిన్నాకే ఆయన తింటారు. కంపెనీలో దీన్ని సమానత్వం అంటారు. అసలు సంగతి, వెనకటి సింహం ఎవరో ఇచ్చిన పాయసం అందరికన్నా ముందు తాగి ప్రాణం పోగొట్టుకుంది.

"ఊ, కానివ్వండి," అన్నారు సింహం గారు.

ఎవరూ కదల్లేదు. కోతులు ఆకాశం చూశాయి. నెమలి తోక మోయలేక పక్కకి ఒరిగింది.

"ఏం, ఎందుకు తినడం లేదు?" ఆయన గొంతు మారింది. "విశ్వేశ్వరం, నువ్వు తిను."

నక్క చిన్న ముక్క నోట్లో పెట్టుకుంది. లోపల చోటుంటేగా. ముక్క దిగలేదు. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు తేలేసింది, నాలుక బయటికి వచ్చింది.

"విషం," అన్నారు సింహం గారు లేచి నిలబడి.

"పోనీ లెండి," అన్నారు అమ్మగారు, నిగనిగలాడుతున్న టైపు విభాగం వైపు ప్రేమగా చూస్తూ. "పిక్నిక్‌కి వచ్చి ఖాళీ కడుపుతో వెళ్ళడం ఏం బాగుంటుంది."

జింకలు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. సింహం గారు పర్వతాలు వైపు తిరిగి, "నీకు మొసళ్ళ మడుగే," అనబోతున్నారు.

పర్వతాలు ఒట్టు గుర్తు చేసుకుంది. ఒట్టు మాట ఎలా ఉన్నా ఆకలి మాత్రం నిజం. అది ఒక్క దూకు దూకి విస్తట్లో పడింది. మొదటి పొత్తు గింజ మిగలకుండా లాగేసింది. దుంప తొక్కతో సహా మింగింది. వేళ్ళు నాకింది, విస్తరి నాకింది, పక్క విస్తరి లాక్కుంది. ఏడుస్తూ తింది, నవ్వుతూ తింది. దాని మీసాలకి అంటిన నిమ్మరసం చూసి సింహం గారికి నోరూరింది. పందికొక్కు ఇంకా చావలేదని రూఢి చేసుకుని ఆయనా కూర్చున్నారు. అమ్మగారు మూడుసార్లు వడ్డించుకున్నారు.

సాయంత్రానికల్లా పర్వతాలు ఉద్యోగం ఖాయమైంది. మంచి తిండిని చూసి కళ్ళు తేలేసిన విశ్వేశ్వరం పందుంపుల్లల కట్ట భుజాన వేసుకుని మడుగు దారి పట్టింది.

మర్నాడు ఆఫీసులో అందరూ ఒకటే చెప్పుకున్నారు. "చూశారా, ఎన్నాళ్ళు నటించినా పందికొక్కు పందికొక్కే. పిక్నిక్ అంతా అదే తినేసింది."

పర్వతాలు ఓ మూల కూర్చుని, తీరిగ్గా పళ్ళు కుట్టుకుంది.

ఇందులో నీతి ఏమిటంటే, నిజాయితీ వల్ల లాభం లేదనకండి, ఆకలి బాగా వేస్తుంది.